జ్వర మూర్ఛలు

ఆరు నెలల వయసు నుంచి అయిదేళ్లు నిండే వరకు పిల్లలకు, ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్ (100.4 డిగ్రీల ఫారెన్‌హీట్) లేదా అంతకు మించి ఉన్న జ్వరంలో వచ్చే మూర్ఛలను వైద్యశాస్త్రం జ్వర మూర్ఛలుగా వర్గీకరిస్తుంది, ఇళ్లలోనూ ఆసుపత్రుల్లోనూ వీటిని జ్వరంతో వచ్చే ఫిట్స్ అంటారు. మెదడుకు గాని దాని పొరలకు గాని సూక్ష్మజీవులు సోకడం వల్ల వచ్చే మూర్ఛలు, రక్తంలో చక్కెర, సోడియం, కాల్షియం పడిపోవడం వల్ల వచ్చేవి, అంతకు ముందే జ్వరం లేకుండా మూర్ఛలు వచ్చిన పిల్లల్లో కనిపించేవి ఈ వర్గంలోకి రావు. అంటే ఇది ఇతర కారణాలను తోసిపుచ్చిన తరువాత మిగిలే నిర్ణయం. ఈ రుగ్మత విషయంలో వైద్యుడి నేర్పు మందులు ఇవ్వడంలో కన్నా, ప్రమాదకరమైన మరో జబ్బు దీని వేషంలో రాలేదని నిర్ధారించుకోవడంలోనే ఎక్కువగా కనబడుతుంది.

పసితనంలో వచ్చే మూర్ఛలన్నిటిలో ఇవే అత్యధికం. అమెరికా, ఐరోపా దేశాల్లో నూటికి ఇద్దరి నుంచి అయిదుగురు పిల్లలకు ఒకసారైనా వస్తాయి. జపానులో ఈ సంఖ్య ఆరు నుంచి తొమ్మిది వరకు ఉంటుంది. ఏడాది, ఏడాదిన్నర వయసు మధ్య ఇవి ఎక్కువ, మూడేళ్లు దాటిన తరువాత మొదటిసారి రావడం తక్కువ, అయిదేళ్లు దాటితే అరుదు. వయసుతో ఇంత గట్టిగా ముడిపడిన రుగ్మతలు పిల్లల వైద్యంలో కొద్దిగానే ఉన్నాయి. తీవ్ర జ్వరంలో ఏడేళ్ల లోపు పిల్లలకు మూర్ఛలు వస్తాయనీ, పెద్దవాళ్లకు ఆ విధంగా రావనీ ప్రాచీన గ్రీసులో హిప్పోక్రటీసు పేరిట వెలువడిన గ్రంథాల్లోనే నమోదైంది. సుశ్రుత సంహిత ఉత్తర తంత్రంలో, పిల్లలను పట్టి పీడిస్తాయని నమ్మిన బాలగ్రహాల కింద చెప్పిన లక్షణాల్లోనూ స్పృహ తప్పడం, కాళ్లు చేతులు కొట్టుకోవడం, నోట నురగ రావడం ఉన్నాయి; అయితే ఆ వర్ణనల్లోకి ధనుర్వాతం, మెదడువాపు వంటి వేరు వేరు జబ్బులు కలిసిపోయి ఉండవచ్చు గనుక వాటిని నేటి వర్గాలతో సరిసమానంగా జత చేయడం కుదరదు.

మూర్ఛ వచ్చినప్పుడు బిడ్డ ఉన్నట్టుండి పిలుపుకు పలకకుండా పోతుంది, కళ్లు తేలేస్తుంది, ఒళ్లు కొయ్యబారుతుంది, ఆ తరువాత కాళ్లు చేతులు లయబద్ధంగా కొట్టుకుంటాయి. పళ్లు గిట్టకరచుకుపోవడం, నోట నురగ రావడం, పెదవులు నీలంగా మారడం, మూత్రం పడిపోవడం కూడా ఉండవచ్చు. కొందరిలో కదలికలేవీ లేకుండా ఒళ్లు వాలిపోవడమే కనిపిస్తుంది. చాలా సందర్భాల్లో ఇదంతా రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగిపోతుంది, బిడ్డ కాసేపు మగతగా పడుకుని, గంటలోపు తల్లిని గుర్తుపట్టి మామూలు స్థితికి వస్తుంది. మొదటిసారి చూసిన తల్లిదండ్రుల్లో చాలామంది బిడ్డ ప్రాణం పోతోందనే అనుకుంటారు, ఆ రెండు నిమిషాలు వారి లెక్కలో పది పదిహేను నిమిషాలుగా మిగిలిపోతాయి. ఎంతసేపు వచ్చిందన్న వైద్యుడి ప్రశ్నకు ఇంటివారు చెప్పే జవాబును ఈ కారణంగానే కొంత జాగ్రత్తగా తీసుకోవలసి ఉంటుంది. మూర్ఛ కాని మరి కొన్ని కూడా మూర్ఛలా భ్రమింపజేస్తాయి. జ్వరం ఎక్కే వేళ వచ్చే చలి వణుకులో బిడ్డ వణుకుతున్నా కళ్లలోకి చూస్తుంది, పిలిస్తే పలుకుతుంది. గుక్కపట్టినప్పుడు నీలంగా మారి స్పృహ తప్పడం ఏడుపు తరువాతే జరుగుతుంది, దానికి జ్వరంతో పని లేదు.

చికిత్సకూ భవిష్యత్తు అంచనాకూ పునాది ఈ మూర్ఛలను రెండు రకాలుగా విడదీయడం. ఒళ్లంతా ఒకేలా వచ్చి, పదిహేను నిమిషాలలోపు ఆగి, ఇరవై నాలుగు గంటల్లో మళ్లీ రానిది సాధారణ జ్వర మూర్ఛ. మొత్తం కేసుల్లో సుమారు నాలుగింట మూడు వంతులు ఇవే. ఒక చేయో, ఒక కాలో, ముఖంలో ఒక పక్కో మాత్రమే కొట్టుకోవడం, పదిహేను నిమిషాలు మించడం, ఒకే రోజులో తిరిగి రావడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది సంక్లిష్ట జ్వర మూర్ఛ అవుతుంది. ముప్పై నిమిషాలు దాటినా ఆగని మూర్ఛను విడిగా లెక్కిస్తారు, ఇది నూటికి అయిదు కేసుల్లో కనిపిస్తుంది, వైద్యులు నిజంగా భయపడేది దీనికే.

ఎదుగుతున్న మెదడులో నాడీకణాలను ఉత్తేజపరిచే వ్యవస్థ ముందుగానూ, అదుపు చేసే వ్యవస్థ ఆలస్యంగానూ పక్వమవుతాయి కాబట్టి ఆ వయసు పిల్లల మెదడు తేలికగా మూర్ఛలోకి జారుతుంది. దీనికి తోడు, సోడియం వంటి అయాన్లను కణం లోపలికీ బయటికీ వదిలే ద్వారాలు వేడికి స్పందించి కణాల ఉత్తేజాన్ని పెంచుతాయి; జ్వరాన్ని పుట్టించే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే రసాయనమే నాడీకణాలనూ రెచ్చగొడుతుందని జంతు ప్రయోగాలు చూపాయి. జ్వరం హఠాత్తుగా పెరగడం వల్లనే మూర్ఛ వస్తుందన్న మాట బాగా ప్రచారంలో ఉన్నా దానికి గట్టి ఆధారం లేదు. అంతకన్నా స్పష్టమైన విషయం ఏమిటంటే, మూర్ఛలు ఎక్కువగా జ్వరం మొదలైన తొలి ఇరవై నాలుగు గంటల్లోనే వస్తాయి, కొందరిలో జ్వరం ఉన్నట్టు ఇంట్లో గమనించక ముందే మూర్ఛ వచ్చేస్తుంది. జ్వరం తగ్గించడంలో ఆలస్యం చేశామని కుమిలిపోయే తల్లిదండ్రుల విషయంలో ఇది గుర్తుంచుకోవలసిన సంగతి.

వంశపారంపర్యం ఇందులో బలంగా పనిచేస్తుంది. తండ్రికో తల్లికో తోబుట్టువుకో చిన్నతనంలో ఈ మూర్ఛలు వచ్చి ఉండటం తరచుగా కనిపిస్తుంది. అయితే అత్యధిక కుటుంబాల్లో ఇది ఒక్క జన్యువు పని కాదు. 1997లో ఆస్ట్రేలియా వైద్యులు ఇంగ్రిడ్ షెఫర్, శామ్యూల్ బెర్కోవిచ్ ఒకే కుటుంబంలో కొందరికి మామూలు జ్వర మూర్ఛలు, కొందరికి ఆరేళ్లు దాటినా కొనసాగే మూర్ఛలు, కొందరికి తీవ్ర మూర్ఛవ్యాధి ఉండే స్థితిని వర్ణించారు. సోడియం ద్వారాలకు సంబంధించిన ఎస్‌సిఎన్1ఎ అనే జన్యువులోని మార్పులు అలాంటి కుటుంబాల్లో కొన్నింటిలో బయటపడ్డాయి. ఇక ఈ మూర్ఛలను తెచ్చే జ్వరానికి మూలం ఎక్కువగా వైరస్సులే. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో మూడు నాలుగు రోజులు గట్టి జ్వరం వచ్చి, అది తగ్గాక ఒళ్లంతా గులాబీరంగు దద్దురు తేల్చే హెచ్‌హెచ్‌వి-6 వైరస్, ఇన్‌ఫ్లుయెంజా వీటిలో ముఖ్యమైనవి. చెవిపోటు, గొంతునొప్పి, విరేచనాల వంటి మామూలు జబ్బుల్లోనూ రావచ్చు.

మూర్ఛ వచ్చిన వేళ ఇంట్లో చేయవలసినది చాలా తక్కువ, చేయకూడనిదే ఎక్కువ. బిడ్డను నేల మీద గాని, పడిపోవడానికి వీలులేని మంచం మీద గాని ఒక పక్కకు ఒత్తిగిలేలా పడుకోబెట్టాలి. అప్పుడు లాలాజలం, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా బయటికి జారిపోతాయి. మెడ దగ్గర బిగుతుగా ఉన్న బట్టలు వదులు చేయాలి, గడియారం చూసి సమయం లెక్కపెట్టాలి. ఇంట్లో రెండో మనిషి ఉంటే ఫోనులో వీడియో తీయడం వైద్యుడికి వంద మాటల కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది, ముఖ్యంగా మూర్ఛ ఒక పక్కకే వచ్చిందా అన్నది తేల్చడానికి. నోట్లో చెంచా, గుడ్డ, వేలు పెట్టకూడదు. నాలుక మింగేస్తుందన్న భయం నిరాధారం, పళ్లు విరగడం, ఊపిరి ఆడకపోవడం మాత్రం నిజమైన ప్రమాదాలు. కాళ్లు చేతులు బలవంతంగా అదిమిపట్టడం, నీళ్లో మందో తాగించడం, స్పృహ లేని బిడ్డను చన్నీళ్లలో ముంచడం కూడదు. చేతిలో తాళాలగుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం వంటివి తెలుగు ఊళ్లలో నేటికీ కనిపిస్తాయి. మూర్ఛ ఎలాగూ రెండు నిమిషాల్లో ఆగిపోతుంది కనుక ఆ సమయంలో ఏది చేస్తే అదే పనిచేసినట్టు అనిపించి ఈ అలవాట్లు నిలిచిపోయాయి. తాళాలగుత్తి పెట్టినంత మాత్రాన పెద్ద హాని లేకపోవచ్చు గాని, పొట్ట మీదో నుదుటి మీదో వాతలు పెట్టడం పసిబిడ్డ మీద జరిగే హింస, దాని వల్ల కాలిన పుండు, చీము తప్ప లాభం లేదు.

అయిదు నిమిషాలు దాటినా మూర్ఛ ఆగకపోతే దానంతటదే ఆగే అవకాశం తగ్గిపోతుంది కాబట్టి ఆ గీటు దగ్గరే మందు వాడాలి, 108కి ఫోన్ చేసి అంబులెన్సు పిలవాలి అన్నది అంతటా అంగీకరించిన నియమం. ఇది వరకు ఒకసారి సుదీర్ఘంగా మూర్ఛ వచ్చిన పిల్లలకు వైద్యులు ముక్కులో కొట్టే మిడాజొలామ్ స్ప్రేను ఇంట్లో ఉంచుకోమని రాసిస్తారు. బరువును బట్టి ఎన్నిసార్లు కొట్టాలో చీటీ మీద ముందే రాయించుకుని స్ప్రేతో పాటే ఉంచడం మంచిది, ఎందుకంటే ఆ గాభరాలో గుర్తుండేది తక్కువ. మలద్వారం గుండా ఎక్కించే డయాజెపామ్ కూడా ఇదే పని చేస్తుంది. ఈ తొందర ఎందుకో అమెరికాలో ముప్పై నిమిషాలు మించిన జ్వర మూర్ఛలు వచ్చిన పిల్లలపై జరిగిన ఫెబ్‌స్టాట్ పరిశోధన చూపింది: వారిలో పదోవంతుకు కాస్త మించిన మందికి, జ్ఞాపకశక్తికి ఆధారమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగంలో వాపు ఎమ్మారై చిత్రాల్లో కనిపించింది, ఆ వాపు కనిపించి ఏడాది తరువాత మళ్లీ చిత్రం తీసిన పిల్లల్లో ఎక్కువమందికి ఆ భాగం కుంచించుకుపోయి గట్టిపడింది. కొద్ది నిమిషాల సాధారణ మూర్ఛలో ఇలాంటి హాని కనబడలేదు.

జ్వరంతో వచ్చిన ప్రతి మూర్ఛా నిరపాయం కాదనడానికి తెలుగు నేల మీదే ఒక విషాద ఉదాహరణ ఉంది. 2003 జూన్, ఆగస్టు నెలల మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు జ్వరం, వాంతులు, మూర్ఛలు, ఆ వెంటనే అపస్మారక స్థితి వచ్చాయి, వారిలో 183 మంది మరణించారు, చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే. 1965లో మహారాష్ట్రలోని చాందీపురా గ్రామంలో తొలిసారి గుర్తించిన, ఇసుక ఈగల ద్వారా వ్యాపించే వైరస్ దీనికి కారణమని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరిశోధకులు తేల్చారు. జపనీస్ మెదడువాపు, ఏజెన్సీ ప్రాంతాల్లో మెదడుకు సోకే ఫాల్సిపారమ్ మలేరియా, బాక్టీరియా వల్ల వచ్చే మెదడు పొరల వాపు కూడా జ్వరం, మూర్ఛ జంటగానే మొదలవుతాయి. వీటిని వేరుచేసే అసలైన గుర్తు మూర్ఛలో లేదు, మూర్ఛ ఆగిన తరువాతి గంటలో ఉంది. జ్వర మూర్ఛ అయితే బిడ్డ తేరుకుంటుంది. గంట దాటినా మగత వీడకపోవడం, తల్లిని గుర్తుపట్టకపోవడం, మెడ బిగుసుకుపోవడం, మాడు ఉబ్బడం, ఆగని వాంతులు, ఒంటి మీద నొక్కినా మాయం కాని ఎర్ర చుక్కలు, కాలో చేయో పడిపోవడం వంటివి ఉంటే నిమిషం ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాలి. ఆరు నెలల లోపు శిశువుకు మూర్ఛ వచ్చినా, ఆరేళ్ల బిడ్డకు మొదటిసారి వచ్చినా అది జ్వర మూర్ఛేనని ఊరుకోరాదు. మొదటి మూర్ఛ తరువాత, బిడ్డ పూర్తిగా తేరుకున్నా సరే, అదే రోజు వైద్యుడికి చూపించడం తప్పనిసరి.

ఆసుపత్రిలో జరగవలసిన పరీక్షలు ఒకనాటి కన్నా ఇప్పుడు చాలా తగ్గాయి. 1996లో అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ ఏడాది లోపు బిడ్డలకు మొదటి జ్వర మూర్ఛ వస్తే నడుము దగ్గర సూదితో వెన్నునీరు తీసి పరీక్షించడాన్ని గట్టిగా పరిశీలించాలని చెప్పింది. మెదడు పొరల వాపును అడ్డుకునే హిబ్, న్యుమోకోకస్ టీకాలు వాడుకలోకి వచ్చాక పరిస్థితి మారింది. 2009లో బోస్టన్ వైద్యులు ఆరు నెలల నుంచి ఏడాదిన్నర మధ్య 704 కేసులను పరిశీలిస్తే, వెన్నునీరు తీసిన 260 మందిలో ఒక్కరికి కూడా బాక్టీరియా వల్ల మెదడు పొరల వాపు లేదు. 2011లో అకాడమీ తన మాట సవరించుకుని, అనుమాన లక్షణాలున్న బిడ్డకు ఈ పరీక్ష తప్పదనీ, ఏడాది లోపు వయసులో ఆ టీకాలు పడకపోయినా, ఏ వయసు వారైనా అప్పటికే యాంటిబయాటిక్ వాడుతున్నా, వైద్యుడు ఆలోచించి నిర్ణయించాలనీ చెప్పింది. ఈ చివరి షరతు మన దేశంలో ప్రత్యేకంగా గమనించదగ్గది: జ్వరం వచ్చిన రెండో రోజుకే ఏదో ఒక యాంటిబయాటిక్ పడిన పిల్లల్లో మెదడు పొరల వాపు లక్షణాలు మసకబారి ఉంటాయి. సాధారణ జ్వర మూర్ఛకు మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఇఇజి గాని, సీటీ, ఎమ్మారై గాని అవసరం లేదు. ఇఇజిలో కనిపించే చిన్న తేడాలు బిడ్డ భవిష్యత్తు గురించి ఏమీ చెప్పవు, సీటీ వల్ల పసిబిడ్డకు అనవసరంగా రేడియేషన్ తగులుతుంది. అయినా కంగారుపడిన కుటుంబం అడగడం, కాదనలేక రాసివ్వడం రెండూ జరుగుతూనే ఉన్నాయి. బిడ్డ తేరుకోకుండా ఉంటే రక్తంలో చక్కెర చూడటం మాత్రం వెంటనే చేయాలి.

మళ్లీ వస్తుందా, మూర్ఛవ్యాధిగా మారుతుందా అన్నవి తల్లిదండ్రులు అడిగే మొదటి రెండు ప్రశ్నలు. మొదటిసారి వచ్చిన పిల్లల్లో మూడోవంతు మందికి ఎప్పుడో ఒకప్పుడు తిరిగి వస్తుంది. మొదటి మూర్ఛ ఏడాది నిండక ముందే వస్తే ఈ అవకాశం సుమారు సగానికి పెరుగుతుంది. కుటుంబ చరిత్ర, తక్కువ జ్వరానికే రావడం, జ్వరం మొదలైన గంటలోపే రావడం కూడా పునరావృతిని సూచిస్తాయి. రెండో ప్రశ్నకు చాలాకాలం పాటు ఆసుపత్రి రికార్డులే జవాబు చెప్పేవి, ఆ రికార్డుల్లో తీవ్ర కేసులే పోగుపడతాయి కాబట్టి ఆ జవాబులు భయపెట్టేలా ఉండేవి. ఈ వక్రతను సరిచేసింది కెరిన్ నెల్సన్, జోనాస్ ఎలెన్‌బర్గ్‌ల పరిశోధన. వారు సుమారు 54,000 గర్భాల నుంచి పుట్టిన పిల్లలను అనుసరిస్తూ వెళ్లి, వారిలో జ్వర మూర్ఛలు వచ్చిన 1,706 మందిని ఏడేళ్ల వయసు వరకు పరిశీలించారు. 1976లో ప్రచురించిన ఫలితాల ప్రకారం జ్వర మూర్ఛలు రాని పిల్లల్లో మూర్ఛవ్యాధి వెయ్యికి అయిదుగురికి ఉంటే, అంతవరకు మామూలుగా ఎదుగుతూ సాధారణ జ్వర మూర్ఛ వచ్చిన వారిలో నూటికి ఒకరికి ఉంది. ఎదుగుదలలో ముందు నుంచే లోపం ఉండి, మూర్ఛ కూడా సంక్లిష్టంగా వచ్చిన వారిలో మాత్రం నూటికి తొమ్మిది మందికి. తోబుట్టువులతో పోల్చి చూసినప్పుడు తెలివితేటల్లో తేడా లేదు. బ్రిటన్‌లో 1970లో ఒకే వారం పుట్టిన పిల్లలను పదేళ్ల వయసులో పరీక్షించినప్పుడు చదువులో, ప్రవర్తనలో అదే కనిపించింది.

నివారణ చికిత్స చరిత్ర అంతా మందులు ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ వచ్చిన చరిత్ర. 1970లలో ఒకటి రెండు మూర్ఛలు వచ్చిన బిడ్డలకు సైతం ఫినోబార్బిటాల్ అనే మూర్ఛ మందును రెండేళ్ల పాటు రోజూ ఇచ్చేవారు. 1990లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన, ఆ మందు కేటాయించిన పిల్లల ప్రజ్ఞాసూచి ఉత్తుత్తి మాత్ర కేటాయించిన పిల్లల కన్నా సగటున ఎనిమిది పాయింట్లు తక్కువగా ఉందనీ, మూర్ఛలు తగ్గడం మాత్రం చెప్పుకోదగినంతగా లేదనీ చూపడంతో ఆ అలవాటు కూలిపోయింది. వాల్ప్రోయేట్ మూర్ఛలను ఆపుతుంది గాని, రెండేళ్ల లోపు పిల్లల కాలేయానికి అరుదుగానైనా ప్రాణాంతకమైన హాని చేయగలదు. జ్వరం ఉన్న రోజుల్లో మాత్రమే డయాజెపామ్ ఇవ్వడాన్ని 1993లో బోస్టన్‌లో పరీక్షించారు. మూర్ఛలు సుమారు 44 శాతం తగ్గాయి, కానీ తూలడం, మగత, చిరాకు చాలామంది పిల్లల్లో కనిపించాయి, మగతగా ఉన్న బిడ్డలో మెదడు పొరల వాపును పసిగట్టడమూ కష్టమే. మన దేశంలో ఇదే పద్ధతిలో క్లోబజామ్ ఇవ్వడం వాడుకలో ఉంది. మాటిమాటికీ మూర్ఛలు వచ్చే పిల్లలకూ, సుదీర్ఘ మూర్ఛ వచ్చిన వారికీ, ఆసుపత్రికి గంటల దూరంలో ఉండే కుటుంబాలకూ దీన్ని పరిమితం చేయడం సబబు. ఒకే ఒక్క సాధారణ మూర్ఛ తరువాత ఏ నివారణ మందూ అక్కరలేదు.

జ్వరం తగ్గించే మందుల మీద నమ్మకం ఎక్కువ, ఆధారం తక్కువ. పారాసిటమాల్ క్రమం తప్పక ఇచ్చినా తరువాతి జ్వరాల్లో మూర్ఛలు ఆగవని అనేక పరీక్షల్లో తేలింది. 2018లో జపానులో జరిగిన ఒక పరీక్ష మాత్రం, మూర్ఛ వచ్చిన రోజు ఆరు గంటలకొకసారి పారాసిటమాల్ ఇస్తే అదే జ్వరంలో రెండోసారి రావడం తగ్గిందని చూపింది. అయినా మొత్తం మీద చూస్తే, బిడ్డకు ఉపశమనం కోసం ఈ మందు ఇవ్వాలే గాని మూర్ఛకు కాపలాగా కాదు. కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఇవ్వడం మామూలు. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు సీసాల దగ్గర వస్తుంది, ఎందుకంటే చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములుంటే, సిరప్‌లో అయిదు మిల్లీలీటర్లకు 120 గాని 250 గాని ఉంటాయి, ఒకటి అయిపోయి మరొకటి తెచ్చినప్పుడు పాత కొలతే పోయడం వల్ల మోతాదు తారుమారవుతుంది. పారాసిటమాల్‌తో మెఫెనమిక్ ఆమ్లం కలిపిన సిరప్‌లు మందుల షాపుల్లో విరివిగా దొరుకుతాయి. మోతాదు మించితే మెఫెనమిక్ ఆమ్లమే మూర్ఛ తెప్పించగలదు కనుక ఈ పిల్లలకు దాన్ని దూరంగా ఉంచడం మేలు. నిమెసులైడ్‌ను పన్నెండేళ్ల లోపు పిల్లలకు వాడటాన్ని భారత ప్రభుత్వం 2011లోనే నిషేధించింది, ఆస్పిరిన్ పిల్లల జ్వరాలకు పనికిరాదు. మగత తెప్పించే జలుబు మందులు మూర్ఛను పొడిగించవచ్చని జపాను వైద్యులు గుర్తించారు. తడిగుడ్డతో తుడిచేటప్పుడు నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, ఐసునీళ్లు, స్పిరిట్ వాడకూడదు.

ఇనుము లోపం ఉన్న పిల్లల్లో జ్వర మూర్ఛలు ఎక్కువని పలు పరిశోధనలు సూచించాయి; 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది కాబట్టి, మూర్ఛతో వచ్చిన బిడ్డ రక్తంలో ఇనుము స్థాయి చూసి లోటు పూడ్చడం ఖరీదైన స్కానుల కన్నా ఉపయోగపడే పని. టీకాల విషయంలో సందేహాలు ఇప్పటికీ వినబడతాయి. డిపిటి తరహా టీకా వేసిన రోజునా మర్నాడూ, తట్టు టీకా వేసిన తరువాత రెండో వారంలోనూ జ్వరం వస్తుంది, మూర్ఛకు లోనయ్యే బిడ్డకు ఆ జ్వరంలో మూర్ఛ రావచ్చు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా కలిపిన టీకా తరువాత ఇలా అదనంగా వచ్చేది మూడు నాలుగు వేల డోసులకు ఒకటి. ఆ మూర్ఛ కూడా మిగతావాటి లాంటిదే, టీకా మానేస్తే వచ్చే అసలు తట్టులో జ్వరం మరింత తీవ్రంగా ఉంటుంది, మెదడువాపు ప్రమాదమూ ఉంటుంది. కోరింతదగ్గు టీకా వల్ల మెదడు దెబ్బతిన్నదని భావించిన 14 మంది పిల్లల జన్యువులను 2006లో బెర్కోవిచ్ బృందం పరీక్షించగా, 11 మందిలో ఎస్‌సిఎన్1ఎ జన్యువులో మార్పు బయటపడింది. వారికి ఉన్నది ద్రావే సిండ్రోమ్ అనే అరుదైన మూర్ఛవ్యాధి. ఏడాది నిండక ముందే జ్వరంతోనో, వేడినీళ్ల స్నానంతోనో పదేపదే సుదీర్ఘంగా, ఒకసారి కుడిపక్కకూ ఒకసారి ఎడమపక్కకూ మూర్ఛలు వస్తున్న బిడ్డలో ఈ వ్యాధిని అనుమానించి జన్యు పరీక్ష చేయించాలి. సోడియం ద్వారాలను అడ్డుకునే కార్బమజెపిన్ వంటి మందులు ఈ పిల్లల్లో మూర్ఛలను పెంచుతాయి గనుక, వ్యాధి నిర్ధారణ ఆలస్యమైనకొద్దీ తప్పు మందు పడే ప్రమాదం పెరుగుతుంది.